బాస్ వచ్చేటప్పుడు వచ్చే పాట

ఆ రోజుల్లో నాకు ఒక జబ్బు ఉండేది. మందుకూ మంత్రానికీ లొంగే రకం కాదు. పంక్తిలో కూర్చుంటే నా విస్తట్లో వడ కంటే పక్కవాడి విస్తట్లో వడే పెద్దదిగా కనపడేది. బస్సులో నాకే కిటికీ సీటు దొరికినా, అవతలి కిటికీ పక్కనున్నవాడికి గాలి ఎక్కువ తగులుతోందేమోనని అనుమానం. మా అమ్మ దీన్ని ఓర్వలేనితనం అనేది. నేను మాత్రం కళాకారుడికి ఉండాల్సిన సున్నితత్వం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ప్రొద్దుటూరులో జాకెట్ గుడ్డల కొట్టు నడుపుకుంటూ, చీరకు రంగు కలవలేదని ఒకామె ఒకే గుడ్డను నాలుగుసార్లు వెనక్కి తెచ్చినా నవ్వు చెరగనివ్వని స్థితికి వచ్చాను కాబట్టి ఒప్పుకుంటున్నాను, అమ్మ చెప్పిందే నిజం. ఆ జబ్బు ముదిరి పాకాన పడింది మాత్రం ఒక వీడియో గేములో పాట వల్ల.

మాది చాపాడు పక్కన ఒక పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. ఆ ఇంట్లో కీబోర్డు వాయించేవాడు పుట్టాడే అని మా నాయనకు దిగులు. (గొర్రె అయితే ఏటా ఒకసారి ఉన్ని అయినా ఇస్తుంది, నేనేమిస్తానని ఆయన లెక్క.) నేను అవేమీ పట్టించుకోకుండా ప్రొద్దుటూరులో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. దాన్ని నడిపే ఆయన్ను అందరం మాస్టర్ అనేవాళ్లం. సాయిబు, తాత ముత్తాతల నుంచి పెండ్లిండ్లకు బ్యాండు వాయించిన కుటుంబం. ఆయన నోట పొగడ్త అనేది వచ్చేది కాదు. బాగా వాయిస్తే కళ్లు మూసుకుని "ఊఁ" అనేవాడు, అంతే. నాలుగేళ్లలో నాకు అలాంటి "ఊఁ"లు మూడు దక్కాయి. ఏ ఊళ్లో, ఏ పాటకు, ఎన్నో చరణంలో దక్కాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మూడోది దక్కిన రోజున చాపాడు దాకా బస్సులో నిలబడే వచ్చాను, కూర్చుంటే ఆ సంతోషం నలిగిపోతుందేమోనని.

అలాంటి చోటికి మా చిన్నమ్మ కొడుకు వచ్చిపడ్డాడు. నాకంటే ఎనిమిది నెలలు చిన్న. జమ్మలమడుగులో సెల్లు రిపేరీ కొట్టులో పని. పుట్టినప్పటి నుంచీ చేతిలో ఏదో ఒక గేము ఉండేదేమో, ఇంట్లోవాళ్లు కూడా అసలు పేరు మరిచిపోయి గేమోడు అనే పిలిచేవాళ్లు. ఆంప్లిఫయరు పాడైందని మాస్టర్ ఎవరినైనా చూడమంటే, నేనే, నా ఖర్మ కాలి, వాడిని పిలిపించాను. వాడు వచ్చి, విప్పి, అతికించి, పలుకుతోందో లేదో చూద్దామని నా కీబోర్డు మీద, నన్ను ఒక మాట అడగకుండా, రెండు వేళ్లతో ఏదో వాయించాడు. రెండే వేళ్లు. మిగతా ఎనిమిదీ కొత్తల్లుళ్లలాగా ఊరికే కూర్చున్నాయి. టీ గ్లాసు పట్టుకుని లోపలికి వస్తున్న మాస్టర్ గడప మీదే ఆగిపోయాడు.

"అది యాడిది అబ్బీ?" అన్నాడు.

"గేములోది మాస్టర్. నీళ్ల లోపల ఈదేటప్పుడు వస్తాది," అన్నాడు వాడు.

"ఇంకోసారి వాయించు."

నాలుగేళ్లు చేతులు అరగదీసుకున్న నాకు మూడు "ఊఁ"లు. రెండు వేళ్లవాడికి మొదటిరోజే "ఇంకోసారి వాయించు". వారం తిరిగేసరికి వాడు మా వ్యాన్‌లో కూర్చుంటున్నాడు, నెల తిరిగేసరికి పది వేళ్లూ ఆడిస్తున్నాడు. ఏకు మేకై కూర్చోవడం అని పెద్దలు ఊరికే అనలేదు. అన్నిటికంటే నన్ను వేధించింది వాడి చెవుల్లో ఎప్పుడూ ఉండే ఆ హెడ్‌సెట్. ఎండలో, బస్సులో, పంక్తి భోజనాల్లో కూడా ఆ గేము పాటలే వింటూ, ఎవరో తల నిమురుతున్నట్టు కళ్లు సగం మూసి కూర్చునేవాడు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి, నాకు అంత సుఖం ఎన్నడూ కలగలేదు. వీడికి ఎలా కలుగుతోంది?

ఒకరోజు సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలదీశాను.

"ఏమిరా, ఆట ఆడకుండా ఆట పాట ఒట్టిగా వినేదేంది? ఉగ్గాని లేకుండా ఒట్టి బజ్జీ తినినట్లు."

వాడు నా ప్లేటులోంచి ఒక మిరపకాయ బజ్జీ తీసుకుని, పక్కనున్న బొరుగుల ఉగ్గాని వైపు చూడకుండా, కొరికి నిదానంగా నమిలాడు. "బాగనే ఉండాది కదన్నా," అన్నాడు.

"ఆ పాట ఎవరు కట్టినారో తెల్సునా నీకు?"

"తెలీదున్నా. జపాను ఆయప్ప ఎవరో అంట."

"పేరు కూడా తెలీని వాని పాట అంత తన్మయంగా ఎట్ల వింటాండావు?"

"మన అవ్వ పాడే జోలపాట ఎవరు కట్టినారో నీకు తెల్సునా?"

బండివాడు నవ్వాడు. వాడు నవ్వకపోయి ఉంటే నేను ఆ రోజు ఓడిపోయినట్టు లెక్క కాదు. కానీ నవ్వాడు. (అవ్వ ఇద్దరికీ ఒకటే అయినా, ఆ జోలపాట వాడికే ఎక్కువసార్లు పాడిందని నాకు చిన్నప్పటి నుంచీ గట్టి నమ్మకం.) ఆ రాత్రి సంగటి కూడా సరిగా దిగలేదు.

ఆ తర్వాత పది రోజులకు మాస్టర్ మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "స్టేజీ మీద కీబోర్డు ఒకటే, కుర్చీ ఒకటే. ఇద్దరిని ఎత్తుకోని తిరిగేది నాతో కాదు. పులివెందుల పెండ్లిలో ముందు నువ్వు వాయించు, బువ్వలు అయినాక వాడు వాయిస్తాడు. ఆ కుర్చీ ఎవరిదో అప్పుడు చెప్తా," అన్నాడు. ఆ కుర్చీ పోతే మిగిలేది ఒకటే, మా నాయన గొర్రెలు. గొర్రెల మీద నాకు కోపం లేదు కానీ, అవి "ఊఁ" అనవు.

అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. వాడి పాటలను దొంగిలించి, వాడికంటే ముందు వాయించేద్దామనుకున్నాను. "నా సెల్లులో పాటలు పోయినాయి రా, నీ మెమరీ కార్డు రెండు దినాలు ఇయ్యి," అన్నాను. వాడు వెంటనే తీసి ఇచ్చాడు. ఎందుకని కూడా అడగలేదు. అంత మంచితనం వాడికి ఎక్కడి నుంచి వచ్చిందని దానికీ కుళ్లుకున్నాను. కార్డులో యాభై అరవై పాటలు, అన్నిటికీ అంకెలే. ఒక్కదానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో 'బాస్' అని ఉంది. విన్నాను. ముందు ఎక్కడో దూరంగా డోలు, తర్వాత బూరలు, తర్వాత వందమంది ఒకేసారి గొంతెత్తినట్టు ఒక హోరు. వెంటనే మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాను.

మర్నాడు ఏమీ ఎరగనట్టు అడిగాను, "ఆ బాస్ అనేదేంది రా?"

"అదా అన్నా. బాస్ వచ్చేటప్పుడు వస్తాది."

అంతే, అర్థమైపోయింది. మా దిక్కున ప్రతి ఊళ్లోనూ ఒక బాస్ ఉంటాడు. తెల్ల బట్టలు, తెల్ల బండి, దిగగానే పది మంది లేచి నిలబడతారు. అలాంటి పెద్దమనిషి వచ్చేటప్పుడు జపాను వాళ్లు కూడా మర్యాదగా వాయించే పాట అన్నమాట. ఏ దేశమైనా మర్యాద మర్యాదే అనుకున్నాను. ఇంకో ప్రశ్న వేసి ఉంటే నా బతుకు వేరే రకంగా ఉండేదేమో. కానీ గేమోడిని రెండో ప్రశ్న అడగడమంటే వాడికి నాకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకోవడమే. ప్రాణం పోయినా ఆ పని చేసేవాణ్ణి కాదు.

మిద్దె మీద ఎండలో కూర్చుని ఎనిమిది రోజులు సాధన చేశాను. వింటూ వాయించడం, వాయిస్తూ వినడం. మూడో రోజుకి ఒక విచిత్రం జరిగింది. సాధన అయిపోయాక కూడా హెడ్‌సెట్ తీయబుద్ధి కావడం లేదు. బస్సులో అదే, చేను గట్టు మీద అదే. ఆ గేము నేను చూసి ఎరగను, అందులో ఎవరుంటారో తెలీదు. కానీ ఆ డోలు మొదలవగానే మా నాయనకు నాయన, జేజినాయన కనపడేవాడు. సాయంత్రం ఎర్రదుమ్ములో వెయ్యి కాళ్ల మంద వెనకాల, భుజాన గొంగడి వేసుకుని, తొందర లేకుండా నడిచి వచ్చే మనిషి. బతికున్నప్పుడు ఆయన నన్ను ఒకసారి కూడా పెద్దగా పట్టించుకోలేదు. పాటలో మాత్రం నేరుగా నా దగ్గరికే వచ్చేవాడు. కళ్లు తుడుచుకుని, ఇదంతా శత్రువు పాట వల్ల జరుగుతోందని గుర్తొచ్చి, ఇంకా మండిపోయేవాణ్ణి.

పులివెందుల పెండ్లి రోజు వచ్చింది. ముహూర్తం పొద్దున, భోజనాల వేళకు మా పాటలు. మేము పోయేసరికి అక్కడ పెద్ద గొడవ. పెండ్లికొడుకు తండ్రి తుమ్మలపల్లె దిక్కు మనిషి, ఆరడుగుల ఎత్తు, మీసాలు, మాట పడని రకం. పొద్దున ఆయన దిగేసరికి మేళంతో ఎదురుపోవాల్సిన సన్నాయివాళ్లు పందిరి వెనక ఉగ్గాని తింటున్నారట. మేళం లేకుండా వియ్యంకుణ్ణి లోపలికి పిలుస్తారా అని ఆయన అలిగి, ముహూర్తానికి వచ్చి నాలుగు అక్షింతలు వేసి, మళ్లీ పోయి కారులో కూర్చున్నాడు. పచ్చి నీళ్లు ముట్టలేదు. పెండ్లికూతురు తండ్రి మా మాస్టర్ చేతులు పట్టుకున్నాడు.

"సామీ, ఆయప్ప తినకుండా పోతే మా బిడ్డ రేపు ఆ ఇంట్లో తల ఎత్తుకోలేదు. మంచి మేళం ఒకటి వాయిస్తే పిల్చుకొస్తాం."

మాస్టర్ నా వైపు చూశాడు. "ఏం వాయిస్తావు రా?"

"నా దగ్గర ఉండాది మాస్టర్," అన్నాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. "పెద్దోళ్లు వచ్చేటప్పుడు వాయించేదే." గేమోడి వైపు చూశాను, వాడి ముఖం ఎలా మారుతుందో చూద్దామని. వాడు లేడు. మైకు పాడైందని ఎవరో పిలిస్తే భోజనాల దగ్గరికి పోయి, అక్కడే ఒక విస్తరి ముందు కూర్చున్నాడట.

పెద్దాయన కారు దిగాడు. మెడలో దండ, ముఖంలో ఇంకా తగ్గని కోపం. నేను కీబోర్డులో డోలు మొదలుపెట్టాను. ఆయన అడుగు, నా దెబ్బ, ఆయన అడుగు, నా దెబ్బ. ముసలాళ్లు తలలు ఊపుతున్నారు. బూరలు అందుకున్నాయి. ఆయన నడకలో దర్జా వచ్చింది, మీసం మీదికి చెయ్యి పోయింది. అప్పుడే వెనక కుర్చీల్లో వయసు పిల్లలంతా ఒక్కసారిగా లేచారు. "బాస్ వచ్చినాడు రోయ్," అని అరిచారు. నా ఛాతీ రెండింతలైంది. చూశారా, నేను వాయిస్తే పులివెందుల లేచి నిలబడింది. వాళ్లు ఊరికే నిలబడలేదు, ప్లాస్టిక్ కుర్చీలు ఎత్తి ముందు అడ్డం పెట్టుకున్నారు. ఒకడు అరటి దొప్ప పట్టుకుని పెద్దాయన ముందుకు దూకి, గిర్రున తిరిగి, వెనక్కి గెంతాడు. ఇదేదో కొత్త పద్ధతి స్వాగతం అనుకుని పెద్దాయన చేతులు జోడించాడు. పేపరు ప్లేట్లు గాల్లో చక్రాల్లా వచ్చి ఆయన దండకు తగిలాయి. "కాళ్లకు కొట్టు రా, కాళ్లే వీకు," అని ఎవరో సలహా ఇస్తున్నారు. పూలవాన అనుకుని నేను వేగం పెంచాను. (కళ్లు సగం మూసుకుని వాయిస్తున్నాను లెండి, పూర్తిగా తెరిచి చూసినా అర్థమయ్యేది కాదు.) ఆ పాటకు చివర్లో ఒక గొప్ప దెబ్బ ఉంది, భూమి అదిరేలాంటిది. పది వేళ్లూ కలిపి కొట్టాను. సరిగ్గా ఆ క్షణానికి, ఎండలో నడిచి నడిచి వచ్చిన పెద్దాయన, వేదిక ముందు సోఫాలో దబ్బున కూలబడ్డాడు.

"సచ్చినాడు! బాస్ సచ్చినాడు!" పిల్లలు కుర్చీలు ఎగరేశారు.

పెండ్లి పందిట్లో, పెండ్లికొడుకు తండ్రిని, ఆ మాట. ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన భార్య చెయ్యి తనకు తెలియకుండానే మెడలో తాళి మీదికి పోయింది. పెండ్లికూతురు తలదించుకుంది. పెద్దాయన నన్నే చూస్తున్నాడు. "ఏంది రా అబ్బీ నువ్వు వాయించినది?" అన్నాడు. బాస్ అంటే గేములో చివరాఖరికి వచ్చే రాక్షసుడని, వాణ్ణి అందరూ కలిసి చంపితేగాని ఆట ముగియదని, అరటి దొప్పవాడు దొప్పను వెనక దాచుకుంటూ చెప్పాడు. నేను కీబోర్డు కిందికి దూరడానికి చోటు ఉందేమోనని చూశాను.

అప్పుడు గేమోడు వచ్చాడు. పప్పన్నం అంటిన కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి, నన్ను పక్కకు జరగమని మోచేత్తో పొడిచి, ఎడమ చేత్తో చిన్న పాట వాయించాడు. పట్టుమని ఎనిమిది స్వరాలు ఉండవు. పాలు పొంగినట్టు పైకి పోయే పాట. పిల్లలు ఒక్కసారిగా "లైఫ్, లైఫ్," అన్నారు. వాడు మైకు అందుకుని చెప్పాడు, "పెద్దాయనా, ఇది కొత్త ప్రాణం వచ్చేటప్పుడు వస్తాది. మీకు ఉండే ప్రాణం పోలేదు, దాని మీద ఇంకోటి వచ్చినాది. లెక్కకు రెండు."

పెద్దాయన మీసాల కింద ఏదో కదిలింది. "మళ్లా వాయించు," అన్నాడు. వాడు వాయించాడు. "ఇప్పుడు మూడా?" "మూడే పెద్దాయనా." "మా ఇంటామెకు ఒకటి వాయించు." ఆమెకు ఒకటి వాయించాడు. పెండ్లికూతురికి, పెండ్లికొడుక్కి, వియ్యంకుడికి కూడా వాయించాడు. వియ్యంకుడు ఏడ్చేశాడు. పెద్దాయన లేచి, నవ్వుతూ పోయి పంక్తిలో కూర్చుని, ఓళిగలు మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. మాస్టర్ కళ్లు మూసుకుని ఉన్నాడు. "ఊఁ," అన్నాడు, ఒకటి కాదు, వరసగా రెండు. ఆ రెండూ ఎవరివో నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో ముద్దనూరు దాటే దాకా నేను వ్యాన్‌లో వెనక సీట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. కుర్చీ వాడిదని మాస్టర్ వ్యాన్ ఎక్కేటప్పుడే చెప్పేశాడు. "నీ చెయ్యి మంచిదే రా అబ్బీ, కానీ అడిగి తెలుసుకునే నోరు ల్యా నీకు," అన్నాడు. అది నిజం కాబట్టి ఇంకా నొప్పిగా ఉంది. గేమోడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు మెమరీ కార్డు అడుగుతాడు, దొంగ అంటాడు అనుకున్నాను. అననిచ్చి, నాలుగు తిట్లు తిందామనే ఉంది.

"అన్నా, నువ్వు ఆ గేము ఆడినావా?" అన్నాడు.

"ల్యా."

"ఒక్కసారి కూడా?"

"చూడను కూడా చూళ్లేదు రా. తిట్టాలంటే తిట్టు."

"తిట్టేదేంది న్నా. నేను అన్నం ముందర కూర్చోనుంటే నీ పాట వినపడినాది. నాకు ఆ పాట వింటే వేళ్లు బటన్ల కోసరం ఎతుకుతాయి. యాడ దూకల్ల, యాడ దాక్కోవల్ల, అదే. ఈ పొద్దు నువ్వు శానా నిదానంగా ఎత్తుకున్నావు. ఎవరో మనిషి నడిచొస్తాన్నట్లు ఉండాది. ఎవరున్నా అది?"

"ఎవరూ కాదు."

"నాకు కనపడేది గేములో బాసు, ఆ కొమ్ములోడే. ఎన్నిసార్లు విన్నా ఆ కొమ్ములోడే వస్తాడు. ఒట్టి పాట ఎట్లుంటాదో నాకు ఇంక తెలీదు." వాడు కిటికీ వైపు తిరిగాడు. ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు క్షణంలో తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా నా దగ్గర పెంచుకుంటున్న జంతువు, దాని అరుపు నేను గుర్తుపట్టనా? గేమోడు నన్ను చూసి కుళ్లుకుంటున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఆ ఆర్కెస్ట్రాలోనే తాళానికి గలగలమనే గిలకలు ఆడించాను. తర్వాత పెండ్లి, కొట్టు, జాకెట్ గుడ్డలు. వాడికి ఇప్పుడు జమ్మలమడుగులో సొంత ఆర్కెస్ట్రా ఉంది, కారు ఉంది, నాకంటే నిండా జుట్టు కూడా ఉంది. ఇంటికి వచ్చినప్పుడల్లా సెల్లులో ఆ గేము తెరిచి నా చేతికిస్తాడు. "ఒక్కసారి ఆడు న్నా, పావుగంటే," అని బతిమాలుతాడు. చూడటానికి ప్రేమలాగే ఉంటుంది. ఒకసారి ఆడానంటే నాకూ ఆ కొమ్ములవాడు వచ్చి కూర్చుంటాడని వాడికి తెలుసు, నాకూ తెలుసు. మొన్న కూడా తెచ్చాడు. నేను సెల్లును బోర్లా పెట్టి, హెడ్‌సెట్ మాత్రం తీసుకుని, పాట మొదటి నుంచీ చివరిదాకా విన్నాను. నేను కళ్లు తెరిచేసరికి వాడు నా ముఖాన్నే చూస్తూ ఉన్నాడు.

"ఎవరొచ్చినారున్నా?" అన్నాడు.

చెప్పలేదు. వాడు ముఖం మాడ్చుకుని కాఫీ కూడా సగం వదిలేసి పోయాడు. పాపం అనిపించింది. వచ్చేవారం జమ్మలమడుగుకు ఫోన్ చేసి చెప్పేద్దామనుకుంటున్నాను, లేకపోతే ఆ పై వారం.